ధారావి ఖోలీ ఖాళీ చేసినప్పుడు: పాత సామాను ఎవరికివ్వాలి?

నేను చదివింది కన్నడ మీడియంలో. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను కాబట్టి తప్పులుంటే సర్దుకుని చదవండి.

మొన్న చలికాలంలో అత్తమ్మ ధారావి ఖోలీ ఖాళీ చేసి కళ్యాణ్‌లో కొడుకు దగ్గరికి పోయింది. సామాను సర్దడానికి నేను బెంగళూరు నుంచి నాలుగు రోజుల సెలవు మీద వెళ్ళాను. పదడుగుల ఖోలీలో నలభై ఏళ్ళ సామాను ఎలా పట్టిందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. అటకమీద నుంచి దింపుతుంటే దిగుతూనే ఉంది: ట్రంకు పెట్టెలు, కుట్టుమిషను, మూడు మిక్సీలు, బొంతలు, మా నాన్న తెలుగు వాచకాలు, గిన్నెల మూటలు. కొడుకు ఫ్లాటులో సగానికి కూడా చోటు లేదు.

"ఊరికి పంపిద్దాం బిడ్డా" అన్నది అత్తమ్మ. మన ఇళ్ళలో ఎప్పుడూ అదే లెక్క. బొంబాయిలో పాతబడ్డది పాలమూరు బస్సెక్కేది, ఊర్లో అది కొత్తదే. చీరలు, స్టవ్వులు, గోడ గడియారాలు అన్నీ అట్లనే పోయినయి. ఊరికి ఫోన్ చేస్తే మా బావ నవ్విండు. "మా పాతయే ఎవలూ తీస్కుంటలేరు, మీయి ఏం జేస్కోవాలె?" అన్నడు. నూరేళ్ళు ఒకే దిక్కుకు నడిచిన సామాను దారి అక్కడ ఆగిపోయింది. ఇక బొంబాయిలోనే వెతకాలి.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. అదే పద్ధతి ఇక్కడా పెట్టాను. ప్రతి మిక్సీని ఐదు నిమిషాలు నడిపి చూశాను. రెండు నడిచాయి. ఒకదాని జారు మూత పట్టడం లేదు, ఆ సంగతి కాగితం మీద రాసి అంటించాను. పాడైన వస్తువును దానం పేరుతో ఇస్తే మన చెత్తను ఇంకొకరి ఇంట్లో పడేసినట్టే. నడిచే మిక్సీలు, కుట్టుమిషను పక్క గల్లీలో ఇంటి దగ్గర బట్టలు కుట్టే ఆమెకు వెళ్ళాయి. దానికి ఏ సంస్థా అక్కర్లేదు, అడిగితే చాలు.

మంచి బట్టలు ఉతికి, మడిచి గూంజ్‌కు పక్కన పెట్టాం. 1999లో అంశు గుప్తా మొదలుపెట్టిన సంస్థ అది. ఊళ్ళలో చెరువు పూడిక తీయడం, దారి వేసుకోవడం లాంటి పని చేసుకున్నవాళ్ళకు బట్టలు ఇస్తారు, భిక్షలా కాదు. పాత నూలు బట్టతో ఆడవాళ్ళకు నెలసరి గుడ్డలు కూడా చేస్తారు. విరిగిన బకెట్లు, డబ్బాలు ధారావి తేరా కంపౌండుకే పోయాయి. అక్కడ ప్లాస్టిక్‌ను రకం చూసి, రంగు చూసి వేరు చేసి, కడిగి, ముక్కలు చేసి, కరిగించి గింజలు చేస్తారు. పరుపు మాత్రం ఎవరూ తీసుకోలేదు.

చివరికి మిగిలింది ఒక ఇత్తడి బిందె.

"అది భాండీవాలీకి ఇయ్యి. ఇంట్ల ఉంచకు" అన్నది అత్తమ్మ. పాత బట్టలకు కొత్త గిన్నెలిస్తూ తిరిగే ఆమెకు ఇత్తడి అంటే తూకమే. ఎందుకంత తొందర అని తిప్పి చూశాను. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. కన్నడ కళ్ళతో కూడబలుక్కుని చదివాను: మా ముత్తవ్వ పేరు, పక్కన "కామాటిపుర 9 గల్లీ", 1938.

మన ఇంట్లో అందరికీ తెలిసిన కథ వేరు. తాత పరేల్ దగ్గర మిల్లులో పనిచేశాడు. 1982 జనవరి 18న రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు దత్తా సామంత్ వెనక సమ్మెకు దిగినప్పుడు ఆయనా దిగాడు. పని మళ్ళీ దొరకలేదు. అత్తమ్మ వాళ్ళు ధారావికి, నాన్న బెంగళూరుకు. అంతకుముందు ఎక్కడున్నారంటే "నాగ్‌పాడా దిక్కు" అనేవారు. కామాటిపుర అనే మాట నేను ఎప్పుడూ వినలేదు.

"ఆ పేరు జెప్తే నాకు సంబంధమొచ్చేదా బిడ్డా?" అన్నది అత్తమ్మ. అంతే, ఇంకేం చెప్పలేదు.

కానీ ఆ పేరు మనదే కదా. కామాటి అంటే కూలి పని చేసేవాడు. బొంబాయి ఏడు దీవులుగా ఉన్నప్పుడు ఆటుకు సముద్రం లోపలికి వచ్చేది. 1784 నాటికి హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయ్యాక పల్లపు నేల తేలింది. 1795 ప్రాంతంలో నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలు, మేస్త్రీలు ఆ నేలమీద గుడిసెలు వేసుకున్నారు. పట్నాన్ని కట్టింది వాళ్ళే. వాళ్ళలో కొందరు పెద్ద కాంట్రాక్టర్లయ్యారు. 1873లో జోతిరావు ఫూలే పుణెలో సత్యశోధక్ సమాజ్ పెడితే, బొంబాయిలో దానికి అండగా నిలిచి డబ్బిచ్చినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు లాంటి తెలుగువాళ్ళున్నారు. ఇవ్వడం అంటే ఏమిటో ఆ గల్లీలకు అప్పుడే తెలుసు.

బ్రిటిష్ కాలంలోనే అక్కడ వేశ్యావాటిక పెరిగింది, పేరు అటు తిరిగిపోయింది. పద్నాలుగు గల్లీల్లో మనవాళ్ళు బతుకుతూనే ఉన్నారు, చిరునామా మాత్రం దాచుకున్నారు. తప్పు మన ముత్తవ్వదీ కాదు, అక్కడ చిక్కుకున్న ఆడవాళ్ళదీ కాదు.

బిందె భాండీవాలీకి పోలేదు. నాతో బెంగళూరు వచ్చింది. రైల్లో రాత్రంతా కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. బయల్దేరేముందు అత్తమ్మ చింతపండుతో తోమి ఇచ్చింది. పేరున్న చోట ఎక్కువసేపు తోమింది. చెరపడానికేమో అనుకున్నాను. కాదు, అక్షరాలు తేటగా కనబడుతున్నాయి.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. 1920ల్లో కట్టిన వర్లీ బీడీడీ చాళ్ళ నుంచి 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు కొత్త టవర్లలో తాళాలిచ్చారు. 160 చదరపు అడుగుల గది నుంచి 500 అడుగుల ఫ్లాటుకు. కామాటిపుర, ధారావి కూడా అదే వరుసలో ఉన్నాయి. మనవాళ్ళ ఇళ్ళు ఎన్నో త్వరలో ఖాళీ అవుతాయి. కొత్త ఇంటికి పాతవి వద్దనుకోవడంలో తప్పులేదు. ఇచ్చేయండి. నడిచేది నడిపి చూసి, బట్ట ఉతికి, ముందుగా ఫోన్ చేసి అడిగి, అవసరమున్న వాళ్ళకే ఇవ్వండి.

ఒక్కటి మాత్రం. గిన్నె ఇచ్చేముందు తిప్పి చూడండి. పేరుంటే చదవండి, ఫొటో తీయండి, ఆ పేరు ఎవరిదో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. చెప్పడానికి వాళ్ళు ఉన్నప్పుడే.