బొమ్మ చూచి వచ్చినవారి మాట

మలయా దేశమున చలనచిత్రమునకు వాడుకలో నిలిచిన పేర్లను ఒకచోట చేర్చి చూచినచో, భిన్నజాతులవారు ఒకరి నొకరు అడుగకయే ఒక్క నిర్ణయమునకు వచ్చిరా యని ఆశ్చర్యము కలుగును. మలాయీలు దానిని ‘వయాంగ్ గంబార్’ అనిరి. వయాంగ్ అనగా ఆట, గంబార్ అనగా చిత్తరువు. తమిళులు ‘పడం’ అనిరి, పటమే పడమైనది. మన పల్లెవాసులకో, అది ‘బొమ్మ’. తెరమీద కదలునది ఎంతటి యంత్రమహిమచే కదలినను, సామాన్యజనులకు అది తాతలనాటి వేడుక క్రొత్తచొక్కా తొడిగి వచ్చినట్లే కనబడెను. ఆ దేశపు తూర్పుతీరమున, కెలంతాన్ ప్రాంతమున, తోలుబొమ్మలను తెరవెనుక దీపపు వెలుగున ఆడించు ‘వయాంగ్ కులిత్’ అను కళ యొకటి కలదు. అందు ప్రధానముగ ఆడునది ‘హికాయత్ సెరి రామ’ సంప్రదాయమునకు చెందిన మలాయీ రామకథ. తోలుబొమ్మయు, తెల్లని తెరయు, రామలక్ష్మణులును సముద్రమునకు ఈ దరినే కాక ఆ దరినికూడ కాపురముండి రన్నమాట.

బొమ్మలాట యైనను, వీధినాటక మైనను, హరికథ యైనను, మన గ్రామములలో అది తెల్లవారుజామున ముగిసిపోవునది కాదు. దాని ఉత్తరభాగము మఱునాడు నూతిగట్టున, కళ్ళమున, రచ్చబండపై సాగును. రావణుని ఆడించినవాని గొంతు రాసిపోయినదనియు, కేతిగాడు క్రిందటి యేటికంటె ఎక్కువగ నవ్వించెననియు, హరిదాసు పిట్టకథలతో ప్రొద్దుపుచ్చి అసలు కథను తొందరగ చుట్టబెట్టెననియు నిర్భయముగ తీర్పు చెప్పువారికి చదువుతో పనిలేదు, పేరుతో పనిలేదు. కనులార చూచుటయే వారికి అధికారపత్రము. చలనచిత్రమును చూచివచ్చి అట్లే నాలుగు మాటలనుకొను ఆచారము మలేసియాలోని తెలుగువారినడుమ ఏయే రూపములు దాల్చినదో చెప్పుట నా ఉద్దేశము. ఇది చరిత్రకెక్కదగినంత విషయమా యని సందేహించువారు కలరు. నా మట్టుకు, పరభాషలనడుమ ఒక జాతి తన మాటను నిలుపుకొన్న చోటులలో ఇది యొకటి. గుడికిని బడికిని ఇచ్చిన గౌరవము దీనికిని ఇయ్యదగునని నమ్ముచున్నాను.

మనవారు అచ్చటికి పోయినది ముఖ్యముగ తోటలలో కూలికై. ఒప్పందపు కూలిపద్ధతి 1910లో రద్దయినది. కంగాణీలు ఊరూరు తిరిగి మనుష్యులను చేర్చు పద్ధతి 1938లో భారతప్రభుత్వము వలసను నిషేధించువరకు సాగెను. 1921 జనాభా లెక్కలనాటికి మలయాలో తెలుగువారు సుమారు 40 వేలమంది. తమిళులు వారికి తొమ్మిది రెట్లకు మించియుండిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములవారు పేరాక్ రాష్ట్రమున బగాన్ దతో, తెలూక్ ఆన్సన్ పరిసరముల కొబ్బరితోటలలోను, కెడా మున్నగు రాష్ట్రముల రబ్బరుతోటలలోను గుంపులుగ నిలిచిరి. 1923 నాటి కార్మికశాసనము పదిమంది బడియీడు పిల్లలున్న ప్రతి తోటలోను యజమాని బడి పెట్టవలెనని విధించుటచే కొన్నిచోట్ల తెలుగు బడులు వెలసెను; రామాలయములును, వానియందు భజనలును వెలసెను. అయినను కంగాణి మాట తమిళము, గుమాస్తా మాట తమిళము, అంగడిలో బేరము తమిళము. చిన్నబడులు ఒక్కొక్కటే మూతపడుచుండగా, తెలుగు ఇంటి వాకిలి దాటి బయట తిరుగుటకు చోటు వెదకికొనవలసి వచ్చెను.

అట్టి చోటు ఒకటి చలనచిత్రపు ముచ్చటలో దొరకెను. దక్షిణదేశపు తొలి మాటలచిత్రమైన ‘కాళిదాసు’ 1931లో వచ్చెను. హెచ్.ఎం. రెడ్డిగారు దర్శకులు. అందు నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళమున పలుకగా, నాయకపాత్రధారి తెలుగున బదులు చెప్పెను! పండితులు దీనిని విడ్డూరముగ చెప్పుకొందురుగాని, మలయా తోటలో ఇరుగుపొరుగులు దినదినము మాటలాడుకొన్న తీరు సరిగా ఇదియే. ఒక గడపనుండి తమిళము, ఎదుటి గడపనుండి తెలుగు. సంసారము మాత్రము ఆగలేదు. మరుసటి యేడు 1932లో ‘భక్త ప్రహ్లాద’ సంపూర్ణముగ తెలుగున వెలువడి మన ప్రాంతముల జనులను తన్మయులను చేసినను, మలయాకు పోవు చిత్రములలో అధికభాగము తమిళమువే యయ్యెను. కొనువారు ఎక్కువయున్న వస్తువునే వర్తకుడు ఓడ కెక్కించును. ఇందు ఎవ్వరిని నిందించుటకును లేదు.

తోటలలో ఆ కాలమున బొమ్మ ఆడుట చూడదగిన దృశ్యముగ నుండెను. మైదానమున రెండు గుంజలు పాతి, నడుమ తెల్లని గుడ్డ కట్టెడివారు. మలాయీలో దీనికి ‘వయాంగ్ పాచక్’ అని పేరు; పాచక్ అనగా గుంజ నాటుట. చాపలు, గోనెసంచులు, పసిపిల్లలకు పాతచీరలు తెచ్చుకొని జనులు ప్రొద్దుగ్రుంకకమునుపే చోటు పట్టుకొనెడివారు. ముందువైపు చోటు చాలనివారు తెరవెనుకకు పోయి కూర్చుండెడివారు. వారికి అక్షరములు తిరుగబడెడివి, వీరుడు ఎడమచేత కత్తి దూసెడివాడు, అయినను కన్నీరు మాత్రము ఇరువైపుల ఒక్కటియే. 1948 మొదలు 1960 వరకు సాగిన అత్యవసరపరిస్థితి కాలమున, కమ్యూనిస్టు గెరిల్లాలకు ఆహారము అందకుండ తోటకూలీల నివాసములను కంచెలలోనికి చేర్చి, చీకటి పడిన పిదప కదలికలపై ఆంక్షలు విధించిరి. ఆ దినములలో సమాచారశాఖవారి మోటారుబండ్లు తోటలకు వచ్చి, 1946లో స్థాపింపబడిన మలయన్ ఫిల్మ్ యూనిట్ చిత్రములను ఊరకయే ప్రదర్శించెడివి. ప్రభుత్వమువారి ఉద్దేశము ప్రచారము. కంచెలోపలివారికి కావలసినది చీకటివేళ నలుగురితో కూర్చుండుటకు ఒక అనుమతి. రెండును నెరవేరెను.

ఇక ముచ్చటల సంగతి. వృత్తికిని ముచ్చటకును సంబంధము కలదని నేను తలచెదను. రబ్బరుచెట్టు పాలు చల్లనివేళనే చక్కగ కారును గనుక, గీయువారు తెల్లవారకమునుపే లేచి, హాజరు పలికి, తమతమ వరుసలలోనికి పోవుదురు. ఒక్కొక్కరికి మూడు నాలుగు వందల చెట్లు. ఎవరి వరుస వారిది, పలుకరించు నాథుడు లేడు. రాత్రి చూచిన బొమ్మ ఆ ఏకాంతమున చెట్టు చెట్టుకును మనస్సులో తిరుగుచుండును. చెప్పవలెనన్న ఆరాటము గంటలకొలది కూడబెట్టుకొని, పాలు తూకమువేయు కొట్టమునకు చేరునప్పటికి, అది ఒక్కసారిగ పొంగును. బాల్టీలు వరుసలో నుండగా ప్రశ్న వచ్చును: “ఏటి మావా, రేతిరి బొమ్మెలాగున్నాది?” అంతట పక్కనున్న వదినగారు అందుకొనును: “ఆ పిల్ల ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చీసినాది, మాటలైతే సగం తెల్లేదు గానీ.”

ఆ మాటలోనే ఈ ఆచారపు ప్రాణమున్నది. మాట సగము తెలియని చిత్రమును చూచినవారు, తెలిసిన సగమునకు తెలియని సగమును తమ ఊహతో అతుకుపెట్టి, తమ యాసలో తిరిగి అల్లుకొనిరి. తమిళము బాగుగ వచ్చినవాడు రానివానికి అర్థము చెప్పును. రానివాడు ఊరకుండక, “అట్లు కాదు, వాని ముఖము చూచితివా, వాడు అబద్ధమాడుచున్నాడు” అని పాత్ర మనస్సు చెప్పును. పెద్దముసలి ఒకతె, ఇట్టి కథయే మా ఊరిలో బుర్రకథగ వింటినని పాత తీగను లాగును. కొబ్బరితోటలలో నలుగురు ఒకచోట చేరి కాయలు ఒలుచునపుడును, కురిడీలు ఎండబెట్టునపుడును మాట ఇంకను తీరికగ సాగుటకు వీలుండెను. వచ్చిన బొమ్మ తమిళము, చేయు పని దొరది, ఉన్న దేశము మలాయీలది. తీర్పు మాత్రము తెలుగున వెలువడెను.

1950లనాటికి ఈ ముచ్చటలకు ఒక క్రొత్త రుచి చేరెను. మదరాసు నగరపు స్టూడియోలలో ఒకే కథను తెలుగునను తమిళమునను జంటగ తీయు పద్ధతి ఆ దశాబ్దమున బలపడినది. 1951 నాటి ‘పాతాళభైరవి’ రెండు భాషలలోను వచ్చెను. ఎన్.టి. రామారావుగారును, ఎస్.వి. రంగారావుగారును రెండింటను కలరు. 1953 నాటి ‘దేవదాసు’ రెండింటను నాయకుడు అక్కినేని నాగేశ్వరరావుగారే. 1955 నాటి ‘మిస్సమ్మ’లో సావిత్రి రెండింటను నాయిక, నాయకుడు మాత్రము తెలుగున రామారావు, తమిళమున జెమినీ గణేశన్. ఇట్లు మలయాలోని తెలుగువారు తమవారినే పరభాష పలుకుచుండగా చూచిరి. చిర్రావూరులో పుట్టిన పిల్ల సావిత్రి తమిళము మాటలాడుచు కోట్లమంది మెప్పు పొందుటను చూచి, తామును పరభాషనే పలుకుచున్న ఆ ప్రేక్షకులకు కలిగిన ఆత్మీయత ఎట్టిదో, ప్రవాసముననున్నవారికి వేరుగ చెప్పనక్కరలేదు. మదరాసు, నాగపట్టణములనుండి పెనాంగు మీదుగ సింగపూరునకు పోవు ‘రజూలా’ ఓడపై స్వదేశమునకు పోయి వచ్చినవాడు తెలుగు చిత్రమును చూచి వచ్చెననుకొందము. తోటలో నున్నవాడు తమిళచిత్రము చూచెను. ఏ మిస్సమ్మ మేలు? ఈ వాదమునకు తీర్పరి ఎవ్వరు? ఇద్దరును చూచినది ఒకే కథ, వేరు నాయకుడు, వినదగిన వాదమే.

1957 మార్చి 27న తెలుగు ‘మాయాబజార్’ విడుదలయ్యెను. ఏప్రిలులో తమిళప్రతి వచ్చెను. ఆగస్టు 31న మలయా స్వతంత్రమయ్యెను. ఆ యేడు తోటలలో కొంతమంది పౌరసత్వపు కాగితములకై తిరుగుచు, కొంతమంది స్వదేశమునకు మరలుదుమా యని ఊగిసలాడుచు నుండిన కాలము. తమిళప్రతిలో నాయిక పేరు వత్సల. తెరపై ఆమెను వత్సల యని ఎన్నిమారులు పిలిచినను, ఊరిలో శశిరేఖాపరిణయకథను పాటగను ఆటగను ఎరిగివచ్చిన తెలుగింటివారికి ఆమె శశిరేఖయే. కథ మరల చెప్పుకొను వేళ పేరు దానంతట అది దిద్దుకొనును. ఘటోత్కచుని విందు నెట్లు వర్ణించిరో చెప్పుటకు మాత్రము రెండు భాషలును చాలవు. రంగారావుగారు ఆ పాత్రను రెండింటను ధరించి వాదమునకు తావే లేకుండ చేసిరి. ఈ మహానటుడే 1964లో జకార్తానగరమున జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున ‘నర్తనశాల’ కీచకపాత్రకు ఉత్తమనటుడుగ సన్మానింపబడెను. అప్పుడు ఇండొనేసియాకును మలేసియాకును తీవ్రవైరము నడచుచుండెను; జలసంధికి ఆవలి రాజధానిలో తెలుగు కీచకుడు కిరీటము గెలిచెను.

స్వదేశమున ఈ కాలమున చిత్రవిమర్శ అచ్చులోనికి ఎక్కినది. ముళ్ళపూడి వెంకటరమణగారు ఆంధ్రపత్రికలో వ్రాసిరి. కొడవటిగంటి కుటుంబరావుగారు చలనచిత్రములపై గంభీరముగ ఆలోచించి వ్రాసిరి. 1966లో ‘విజయచిత్ర’ వెలువడెను. తోటలలోని తెలుగు తీర్పులు అచ్చు నెరుగక గాలిలో కలిసిపోయినవి. వానిని వ్రాసియుంచినవారు ఉండినచో, తూకపుకొట్టములోని ఆ వాక్యములు మన విమర్శగ్రంథములప్రక్క తలయెత్తుకొని నిలువగలిగియుండునని నా దృఢవిశ్వాసము.

1960ల చివర మలేసియాలో పౌరులు కానివారికి పని అనుమతులు విధించుటతో వేలకొలది భారతీయకుటుంబములు మూటలు కట్టుకొని మరలిపోయెను. రబ్బరుచెట్లు నరికి చమురుతాటిని నాటిరి. తోటలు ముక్కలై అమ్ముడుపోయెను. పిల్లలు పట్టణములకు పోయిరి. గుంజలు పాతి గుడ్డ కట్టుటకు మైదానమున్నను, చాప పరచుటకు మనుష్యులు కరవైరి. ముచ్చట కౌలాలంపూరు చేరెను. అచ్చట 1920ల తొలినాళ్ళ నాటి కొలీజియం థియేటరు భారతీయచిత్రములకు ప్రసిద్ధిచెందినది. ఆట వదలిన పిదప ‘మామక్’ అనబడు తమిళ ముస్లిముల ఫలహారశాలలో, ఎత్తునుండి ధారగ పోసి నురుగు తెచ్చిన ‘తే తారిక్’ గ్లాసు ముందు పెట్టుకొని, తూకపుకొట్టపు మనుమలు అదే ప్రశ్న అడిగిరి. 1980లలో వీడియో టేపులు ఇంటింటికి వచ్చి బొమ్మను గదిలో బంధించెను. ఆ దశాబ్దపు ఆరంభముననే, 1981 ఏప్రిలులో, రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరున జరిగెను. మలయా ఆంధ్రసంఘముగ 1950లలో పుట్టిన సంస్థ నేడు మలేసియా తెలుగుసంఘముగ తెలుగు తరగతులు నడుపుచున్నది.

2009లో తెలుగు ‘బిల్లా’ వచ్చినప్పుడు ముచ్చట తలక్రిందయ్యెను. ఆ చిత్రము చాలవరకు మలేసియాలోనే తీయబడినది. తాతలు తెరపై తాము విడిచివచ్చిన గోదావరినో, తాటితోపునో వెదకికొనగా, మనుమలు తాము దినము తిరుగు వీధులను తెలుగు మాటలనడుమ గుర్తుపట్టిరి. 2015లోను, 2017లోను ‘బాహుబలి’ రెండు భాగములు తెలుగునను తమిళమునను వెలువడి, పాతనాటి జంటచిత్రముల కాలమును తిరిగి తెచ్చెను. మరల ఒకే ఇంటిలో ఇద్దరు ఒకే కథను రెండు భాషలలో చూచి వచ్చుటకు వీలయ్యెను.

ఇప్పుడు తెలుగుచిత్రము ఆడుచుండగా తెర అడుగున మలాయీ వాక్యములు కదలును. ఇంటిలో మలాయీ, ఆంగ్లము, తమిళము కలిపి మాటలాడు పిల్లవాడు ఆ వాక్యమును కంటితో ముందే చదివి, నటుడు మాట పూర్తిచేయకమునుపే నవ్వును. ప్రక్కనున్న నాయనమ్మ మాట చెవిని పడి, దాని విరుపు తెలిసిన పిదప నవ్వును. ఒకే హాలులో ఒకే హాస్యమునకు ఇట్లు రెండు నవ్వులు పుట్టును. ఆట ముగిసి మెట్లు దిగునపుడు ఆమె వాని మోచేయి పట్టుకొని, “అదికాదురా వాడన్నది” అని మొదలుపెట్టి, తెరపై వ్రాసినది ఒకటి, వాడు పలికినది వేరొకటి యని, ఆ మాటను తన శ్రీకాకుళపు యాసలో రెండుమారులు పలికి చూపును. వాడును ఒకసారి పలికి చూచును.