తివాచీ కింద గోగునార

జీపు పుట్టినప్పుడు దానికి తివాచీ లేదు. 1941లో అమెరికా సైన్యం కోసం విల్లీస్ సంస్థ తయారుచేసిన బండికి తలుపులే లేవు. కింద ఇనుపరేకు, పైన కాన్వాసు గుడ్డ, అంతే. లోపలికి చేరిన నీరు పోవడానికి నేలరేకులో బిరడాలు బిగించిన రంధ్రాలు ఉండేవి. యుద్ధానికి పోయే బండిలో చప్పుడు గురించి, కాళ్ళకు తగిలే వేడి గురించి ఎవరు ఆలోచిస్తారు? స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్ళలో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి కూర్చడం మొదలుపెట్టింది. సైనికుడి బండి అలా మన దేశంలో ప్రభుత్వోద్యోగి బండి అయింది.

మా ఉత్తరాంధ్రలో చాలాకాలం పాటు జీపు అంటే సర్కారే. తహశీల్దారు జీపు, మలేరియా వాళ్ళ జీపు, పోలీసు జీపు. సాలూరు, పార్వతీపురం, సీతంపేట కొండదారుల్లో బండి కంటె ముందు దాని చప్పుడు వచ్చేది. మలుపు అవతల ఇంజను రొద వినబడగానే ఎవరో అధికారి వస్తున్నాడని ఊరికి తెలిసిపోయేది. 1967 తరువాతి శ్రీకాకుళ గిరిజనోద్యమపు రోజుల్లో ఆ చప్పుడుకు ఎంత అర్థం ఉండేదో వేరే చెప్పనక్కరలేదు. ఆ తరువాతి కాలంలో సర్వీసు జీపులు వచ్చాయి. సంతకు వెళ్ళే మనుషులను, చింతపండు బుట్టలను, కోళ్ళను కలిపి మోసిన బండ్లవి. వాటిలోనూ కింద ఒట్టి రేకే.

ప్రభుత్వం వేలం వేసిన పాత జీపులు సొంతదారుల చేతికి వచ్చాకనే వాటి నేల మీద గుడ్డ పడింది. పట్టణాల్లో బస్సులకు, లారీలకు సీట్లు కుట్టే కుషన్ పనివాళ్ళు ఈ బండ్లకూ తివాచీ కుట్టారు. అన్నిటికంటె పైన రబ్బరు మ్యాటు, దాని కింద తివాచీ, తివాచీ కింద మందపాటి గోధుమరంగు ఫెల్టు. పై రెండూ అందరికీ కనబడతాయి. మూడవది ఎవరికీ కనబడదు. నేను చెప్పదలచుకున్నది ఆ మూడవదాని చరిత్రే.

మా ఇంటి పాత జీపుకు మొన్నీమధ్య నేల మార్పించవలసి వచ్చింది. సీట్లు విప్పి తివాచీ లాగితే అడుగున ఫెల్టు ముక్కలు ముక్కలుగా ఊడివచ్చింది. ఒక ముక్కను విడదీసి చూశాను. పొట్టి పీచు, పొడుగు పీచు, మధ్యలో ఏదో పాత గోనెసంచి తాలూకు దారపు పోగు. ఈ ఫెల్టును నేయరు. మిల్లులో రాలిన తుక్కునారను, చిరిగిన గోనెల పీచును పరిచి, ముళ్ళ సూదులతో వేలసార్లు పొడిచి ఒకదానిలో ఒకటి చిక్కుపడేటట్లు చేస్తారు. అంటే నారలో మిగిలిపోయినదానికి చివరి కొలువు ఇది. నా చేతిలోని ముక్క ఏ మిల్లుదో చెప్పడానికి ఆధారమేమీ లేదు. కాని ఆ నార జాతికీ మా జిల్లాలకూ ఉన్న బంధం మాత్రం పాతది.

ఇక్కడ మాటల సంగతి కొంచెం చెప్పాలి. మనం జూట్‌ను జనపనార అంటున్నాం. నిజానికి జనుము వేరే మొక్క. జూట్ అనే ఇంగ్లీషు మాటకు మూలం వంగ, ఒడియా భాషల్లో ఉంది. గోనెసంచికి ఇంగ్లీషువాళ్ళు వాడే గన్నీ అన్న మాట మన గోనె, సంస్కృతపు గోణీల చుట్టమే. ఇక మా శ్రీకాకుళం, విజయనగరం రైతు పండించినది బెంగాలు జూట్ కాదు, గోగు. మనం పప్పులో వేసుకునే గోంగూరకు స్వయానా అదే కుటుంబం. ఆకు కోసం పెంచితే కూర, నార కోసం ఎదగనిస్తే మనిషిని మించిన కాడ. పంతొమ్మిదవ శతాబ్దంలో ఈ నార భీమునిపట్నం రేవు నుండి ఓడలెక్కింది. అందువల్లనే ప్రపంచ వాణిజ్యంలో దానికి బిమ్లీపటం జూట్ అని, ముద్దుగా బిమ్లీ అని పేరు నిలిచింది. 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకున్నాక భీమిలి రేవు వెలవెలబోయింది గాని, నారకు పెట్టిన పేరు మిగిలింది.

ఆ నార ఊరికే రాలేదు. తొలకరికి మెట్టభూమిలో విత్తుతారు. పూత పట్టే వేళకు కోసి, కట్టలు కట్టి, ఆకు రాలనిచ్చి, చెరువులోనో గెడ్డలోనో ముంచి పైన బరువు పెడతారు. రెండు మూడు వారాలు ఊరాక బెరడు కుళ్ళి నార వదులవుతుంది. అప్పుడు నడుములోతు నీళ్ళలో నిలబడి కాడకాడకూ నార ఒలవాలి. ఆ వాసన భరించడం ఒక ఎత్తు, ఆ నీళ్ళకు ఒళ్ళు పాచిపోవడం ఒక ఎత్తు. నార మిల్లుకు పోతుంది, గోగుపుల్లలు పొయ్యిలోకి, దడికి పోతాయి. ఊరబెట్టడానికి మంచినీరు దొరికితే నార తెల్లగా వస్తుంది, బురదనీరైతే నల్లబడుతుంది, ధర పడిపోతుంది. రైతు ఏడాది కష్టం చివరకు చెరువు నీటి రంగు మీద ఆధారపడేది.

బ్రిటిషు పాలనలోనే ఈ నార చుట్టూ మిల్లులు లేచాయి. చంపావతి ఒడ్డున, మద్రాసు-హౌరా రైలుమార్గం మీద నెల్లిమర్ల. గోస్తని ఒడ్డున, భీమిలికి చేరువలో చిట్టివలస. 1947లో దేశవిభజనతో జూట్ పండే నేల చాలావరకు తూర్పు పాకిస్తానుకు పోయి, మిల్లులు మాత్రం హుగ్లీ ఒడ్డున మిగిలాయి. ముడినార కోసం దేశమంతా వెతుక్కున్న ఆ రోజుల్లో గోగుకు గిరాకీ పెరిగింది. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధనా స్థానంలో గోగు మీద పరిశోధనలు సాగాయి, కొత్త వంగడాలు వచ్చాయి.

తరువాతి కథ మీకు తెలిసినదే. ప్లాస్టిక్ సంచి వచ్చింది. ధాన్యం, పంచదార గోనెల్లోనే నింపాలని 1987లో చట్టం చేయవలసి వచ్చిందంటేనే గోనె పరిస్థితి అర్థమవుతుంది. నెల్లిమర్ల మిల్లు ఎన్నిసార్లు మూతపడిందో, ఎన్నిసార్లు తెరుచుకుందో లెక్క పెట్టడం కష్టం. 1994లో అక్కడి కార్మికుల ఆందోళన మీద పోలీసులు కాల్పులు జరిపారు, కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. చిట్టివలస మిల్లుకు 2009లో తాళం పడింది. గోగు వేసిన మెట్టల్లో చాలాచోట్ల మొక్కజొన్న వచ్చింది. నడుములోతు నీళ్ళలో నిలబడే పని తప్పినందుకు రైతు బాధపడడు, బాధపడవలసిన పనీ లేదు. కాని ఆ పని పోయినచోట దానికి బదులుగా మిల్లు కార్మికుడికి ఏం వచ్చింది?

మళ్ళీ జీపులోకి వద్దాం. ఫెల్టును తీసివేసినవాళ్ళు తెలివితక్కువగా తీసివేయలేదు. నార నీటిని పీలుస్తుంది. మా తీరపు వానలకు కాన్వాసు కప్పు కారుతుంది, తడిసిన ఫెల్టు నేలరేకును అంటిపెట్టుకుని ఉంటుంది, రేకు అడుగునుంచి తుప్పు పడుతుంది. పైన తివాచీ అందంగానే ఉంటుంది. ఒకనాడు కాలు పెడితే రేకు పోయిందని తెలుస్తుంది. అందుకే ఇప్పుడు దుకాణాల్లో నీరు పట్టని నురుగు షీట్లు, తారు షీట్లు, కృత్రిమ నూలు తివాచీలు అమ్ముతున్నారు.

అయితే ఇవన్నీ ఒకే పని చేయవు. రేకు డప్పులా మోగుతుంది. దానికి తారు షీటు అంటిస్తే బరువు పెరిగి కంపనం చచ్చిపోతుంది. గాలిలో తేలివచ్చే కీచు చప్పుడును మింగేది మాత్రం పీచు ఉన్న ఫెల్టే. దాని పోగుల మధ్య ఇరుక్కున్న గాలిలో ధ్వని రాపిడి పడి అలసిపోతుంది. గేరుబాక్సు వేడి కాలికి తగలకుండా ఆపేదీ ఆ గాలే. డీజిలు ఇంజను గుమగుమను ఇవేవీ పూర్తిగా ఆపలేవు. కాన్వాసు కప్పు ఉన్నంతకాలం జీపు జీపే.

మేస్త్రితో మాట్లాడి మేము చేసిన పద్ధతి ఇది. తుప్పును వైరు బ్రష్షుతో గీకి, రెడాక్సైడు పూసి, దాని మీద రంగు వేసి, తారు షీటును వేడిచేసి రేకుకు అతికించాము. నీటి రంధ్రాలు వేటినీ మూయలేదు. పాత తివాచీ ముక్కలనే కొలతగా పెట్టి కొత్త ఫెల్టు కోశారు. దానికి మాత్రం జిగురు పూయవద్దన్నాను. అంచులకు రెగ్జిన్ పట్టీ కుట్టించాము. తడిస్తే ఎత్తి ఎండలో వేయవచ్చు. గోగునారకు నీళ్ళతో తగువు లేదు, పుట్టిందే నీళ్ళలో నాని. ఆరనివ్వకపోవడంతోనే దానికి తగువు.

ఇందులో ఒక వింత ఉంది. మనం పాతదని పక్కన పెట్టిన ఈ గోగునే ప్రపంచం కెనాఫ్ అంటుంది. జపాను టొయోటా సంస్థ 2000 నాటికే ఆ నారను కార్ల తలుపుల లోపలి పలకల్లో వాడింది. ఫోర్డు 2013 నాటి ఎస్కేప్ బండి తలుపుల్లో అదే చేసింది. కారణాలు సాదావే: నార తేలిక, ఏటా పండుతుంది, ప్లాస్టిక్కు కొంత తగ్గుతుంది. భీమిలి రేవు పేరుతో లోకానికి పరిచయమైన మొక్క వేరే పేరుతో మళ్ళీ బండి ఎక్కింది. ఈసారి ఆ బండిలో మన రైతు లేడు, నెల్లిమర్ల కార్మికుడు లేడు.

విజయనగరం చరిత్ర అనగానే మనకు కోట, గజపతులు, సంగీత కళాశాల, గురజాడ గుర్తుకు వస్తారు. అవి గుర్తుండవలసినవే. కాని చెరువులో నిలబడి నార ఒలిచిన ఆడమనిషి, మిల్లులో నారధూళి పీల్చిన మనిషి కూడా ఈ నేల చరిత్రలో ఉన్నారు. వాళ్ళ గురించి రాతకెక్కినది తక్కువ. అప్పటి మనుషులు ఇంకా మన ఇళ్ళలో, మన వీధుల్లో ఉన్నారు. మిత్రుల్లో నెల్లిమర్ల, చిట్టివలస, బొబ్బిలి, రాజాం వైపువారు ఎవరైనా ఉంటే, మీ పెద్దవాళ్ళను కూర్చోబెట్టి గోగు పని గురించి, మిల్లు పని గురించి అడగండి. ఏ పనిముట్టును ఏమనేవారో, కట్టకు ఎంత కూలి ఇచ్చేవారో, కూత ఎన్నింటికి వేసేవారో వాళ్ళ మాటల్లోనే రాసిపెట్టండి.