ఎవరు చంపారని అడిగిన తల్లులు

మన దినపత్రికల తెలుగులో 'పాల్పడటం' అని ఒక క్రియ ఉంది. దొంగతనానికి పాల్పడతారు, లంచాలకు పాల్పడతారు, అత్యాచారానికి పాల్పడతారు. ఆత్మహత్యకు కూడా పాల్పడతారు. చచ్చిపోవాలనిపించేంత బాధలో ఉన్న మనిషిని, దొంగని, హంతకుడిని ఒకే క్రియకి కట్టేశాం. ఇది ఊరికే వచ్చిన అలవాటు కాదు. 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షన్ ప్రకారం చనిపోబోయి బతికిన మనిషి నేరస్తురాలు. ఏడాది దాకా జైలు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మేలో అమల్లోకి వచ్చాకే, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, ప్రభుత్వం ఆదుకోవాలని రాసుకున్నాం. 2024 జూలై 1 నుంచి అమలైన న్యాయ సంహితలో ఆ పాత సెక్షన్ లేదు. చట్టం మారింది గానీ క్రియ మారలేదు. ఇక్కణ్ణుంచి ఈ వ్యాసంలో నేనా మాట వాడను.

బిడ్డల్ని ఇలా పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఆ తర్వాత ఏం చేశారన్నది చాలాకాలంగా నన్ను వదలని ప్రశ్న. ఇంగ్లండులో 1997లో జీన్ కెర్ అనే తల్లి, తనలాంటి మరికొందరు తల్లిదండ్రులతో కలిసి పాపిరస్ అనే సంస్థ పెట్టింది. అమెరికాలో కాలేజీ చదువుతున్న కొడుకుని పోగొట్టుకున్న సాటో దంపతులు 2000లో జెడ్ ఫౌండేషన్ పెట్టారు. పిల్లలతో మాట్లాడే ఫోన్ లైన్లు, కాలేజీల్లో కౌన్సెలింగ్ వ్యవస్థలు ఇలాంటి తల్లిదండ్రుల చేతుల మీదుగా పెరిగాయి. మన దగ్గర ఫోన్ లైన్లు లేక కాదు. చెన్నైలో మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ 1986లోనే స్నేహ సంస్థ మొదలుపెట్టింది, హైదరాబాదులో రోష్ని 1997 నుంచీ ఉంది. కానీ బిడ్డలు పోయిన మన తల్లులు కనిపించింది అక్కడ కాదు, పోలీస్ స్టేషన్లలో, ఫోరెన్సిక్ రిపోర్టుల చుట్టూ, కోర్టు వరండాల్లో. దీన్ని మన వెనకబాటుతనం కింద తేల్చేసేవాళ్లున్నారు. నేనలా అనుకోను. మన తల్లులు ముందు వేరే ప్రశ్న అడగాల్సి వచ్చింది.

సరోజినీదేవి సంగతి చూడండి. భువనగిరికి చెందిన టీచరు. ఆమె కూతురు ప్రత్యూష 'రాయుడు', 'శ్రీరాములయ్య', 'సముద్రం' సినిమాల్లో నటించింది, తమిళంలోనూ అవకాశాలు వస్తున్నాయి. 2002 ఫిబ్రవరిలో హైదరాబాదులో చనిపోయింది. అప్పటికి ఇరవై ఏళ్లు. ఆమెతో పాటు చనిపోబోయిన స్నేహితుడు బతికాడు.

అప్పుడు నేను యూసుఫ్‌గూడలో ఉండేదాన్ని. జూబ్లీహిల్స్ గుట్ట మీద, ఫిలింనగర్లో ఇళ్లుండేవి స్టార్లకి, నిర్మాతలకి. గుట్ట కింద కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గదుల్లో ఉండేది జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు: జూనియర్ ఆర్టిస్టులు, గ్రూప్ డాన్సర్లు, అసిస్టెంట్ డైరెక్టర్లు. తెల్లవారుజామున షూటింగు వ్యాన్లు వాళ్లని ఎక్కించుకుని పోయేవి. ప్రత్యూష పోయిన వారం మా వీధి టీకొట్టు దగ్గర అందరూ డిటెక్టివ్‌లే. మొదట్లో ఒక ఫోరెన్సిక్ డాక్టరు ఆమెని చంపేశారని, అత్యాచారం జరిగిందని అనడంతో రాష్ట్రమంతా అదే చర్చ. కేసు సి.బి.ఐ. చేతికి వెళ్లింది. అత్యాచారం, హత్య కాదని వాళ్లు తేల్చారు. బతికిన స్నేహితుడికి 2004లో సెషన్స్ కోర్టు ఆత్మహత్యకు ప్రేరేపించాడని అయిదేళ్లు, తాను చనిపోబోయినందుకు ఒక ఏడాది శిక్ష వేసింది. 2011లో హైకోర్టు దాన్ని రెండేళ్లకు తగ్గించింది. ఇటు తల్లి, అటు శిక్ష పడిన మనిషి ఇద్దరూ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. అక్కడా పదమూడేళ్లకు పైగా నలిగింది. కూతురు బతికిన కాలం కన్నా ఆమె చావు మీద తల్లి కోర్టులో గడిపిన కాలం ఎక్కువ. నా బిడ్డని చంపేశారు అన్న మాటని సరోజినీదేవి ఏ దశలోనూ వదల్లేదు.

ఆ పట్టుదలని దుఃఖంలో వచ్చిన మొండితనంగా చూసిన వ్యాసాలు చదివాను. అలా రాసినవాళ్లు స్త్రీల చరిత్ర చదివినట్టు లేదు. ఈ దేశంలో ఆడపిల్ల చనిపోతే అది ఆత్మహత్య అని రాయించెయ్యడం ఎంత తేలికో 1970లు, 80ల ఉద్యమాలు మనకి చూపించాయి. 1979లో ఢిల్లీలో పెళ్లయిన ఏడాదికే, గర్భంతో ఉన్న కూతుర్ని పోగొట్టుకుంది సత్యరాణీ చద్దా. అత్తింటివాళ్ల స్కూటర్ కోరిక కథ అది. కూతురు అత్తింట్లోనే కన్నుమూసిన షాజహాన్ ఆపాతో కలిసి వీధుల్లోకొచ్చింది. అలాంటి తల్లులు కోర్టుల ముందు, పార్లమెంటు ముందు నిలబడితేనే 1983లో 498ఎ సెక్షన్ వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ప్రాణం తీసుకుంటే, క్రూరత్వం రుజువైన చోట ప్రేరేపణ జరిగినట్టు కోర్టు భావించవచ్చన్న 113ఎ సాక్ష్య నిబంధన కూడా అప్పుడే వచ్చింది. 1986లో వరకట్న మరణాల సెక్షన్. సత్యరాణి తన కేసులో చివరికి గెలిచింది, 2013లో. ముప్ఫై నాలుగేళ్లు పట్టింది. మరుసటి సంవత్సరమే ఆమె కన్నుమూసింది.

ఈ ఇద్దరు తల్లులు చేసిన ఇంకో పని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. 1987లో వాళ్లు శక్తిశాలిని స్థాపించారు. బతికున్న ఆడవాళ్లు ఇల్లు వదిలి వచ్చేస్తే తలదాచుకునే చోటు అది. చచ్చిపోయిన కూతురి కోసం కోర్టుకి తిరుగుతూనే, ఇంకా చావని కూతుళ్ల కోసం తలుపు తెరిచి పెట్టారు. నాకు తెలిసినంతలో ఈ దేశంలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు చేపట్టిన నివారణ కార్యక్రమాల్లో తొలి అడుగుల్లో అదొకటి. దాన్నెవరూ మానసిక ఆరోగ్యం అనలేదు, అంతే.

మనసు సంగతి మాట్లాడితే మా ప్రాణం మీదికొస్తుందన్న భయం తల్లులకి ఎందుకుంటుందో జూబ్లీహిల్స్‌కి పది కిలోమీటర్ల అవతల, గచ్చిబౌలిలో ఇంకా స్పష్టంగా కనిపించింది. 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయాడు. కుట్టుమిషన్ మీద పిల్లల్ని పెంచుకున్న రాధిక ఆ రోజు నుంచి రోడ్డు మీదే ఉంది. అతను డిప్రెషన్‌లో ఉన్నాడు అన్న వాక్యం ఆమె చెవికి ఎలా వినిపిస్తుంది? సస్పెన్షన్, ఆగిన స్టైపెండు, హాస్టల్ నుంచి వెలివేత, కులం అన్నీ తుడిచేసే గుడ్డలా. 2024లో పోలీసుల మూసివేత నివేదిక బయటపడినప్పుడు జరిగింది అదే: తప్పంతా చనిపోయిన కుర్రవాడి మనసులోకి, అతని కులం మీది అనుమానంలోకి తోసేశారు. ఆమె మళ్లీ ముఖ్యమంత్రి దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. ఇది వ్యవస్థ చేసిన హత్య అన్న నినాదాన్ని నేను అందుకే సమర్థిస్తాను.

అయితే ఆ నినాదం దగ్గర నాకో సందేహం కూడా ఉంది. ఇవాళ రాత్రి అదే హాస్టల్లో నిద్రపట్టక కూర్చున్న ఇంకో పిల్లకి ఆ నినాదం ఏం చెప్తుంది? నీకు చావు తప్ప దారి లేదని చెప్పదు గదా! రాధిక ఈ ప్రశ్నకి తన పద్ధతిలో జవాబిచ్చింది. 2019 మేలో ముంబయిలో కులవేధింపుల మధ్య చనిపోయిన డాక్టర్ పాయల్ తడ్వి తల్లి ఆబేదాతో కలిసి అదే ఏడాది సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. అడిగింది తన కొడుకు కేసు గురించి మాత్రమే కాదు, అన్ని యూనివర్సిటీల్లో వివక్షని ఆపే ఏర్పాట్ల గురించి. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు ప్రకటించడం, నిరసనల మధ్య అదే నెలలో సుప్రీంకోర్టు వాటిని నిలిపివేయడం ఆ పిటిషన్ వెనక కథే.

కాలేజీల సంగతికొస్తే కార్పొరేట్ జూనియర్ కాలేజీల చావుల మీద నీరదారెడ్డి కమిటీ 2001లోనే పనిచేసింది. ఆ తర్వాతా కమిటీలు వచ్చాయి. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చిన రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తెలుగులో సున్నా అని చూపించిన అమ్మాయికి తిరిగి చూస్తే 99. నాంపల్లిలో బోర్డు గేటు ముందు కూర్చున్న తల్లుల్ని ఆ ఎండలో చూశాను. మూల్యాంకనం గురించి, టెండర్ గురించి వాళ్లకి అక్షరం పొల్లుపోకుండా తెలుసు. రాత్రి పిల్ల ఏడిస్తే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలో మాత్రం ఎవరూ వాళ్లకి చెప్పలేదు.

ఇంటికొచ్చాక ఆ తల్లుల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: నువ్వు గమనించలేదా? తండ్రిని అంతగా అడగరు. 'మా పిల్లకి మనసు బాగాలేదు' అని తల్లి ఒక్కమాట ఒప్పుకుంటే పెంపకం మీద తీర్పు వచ్చేస్తుంది, కాలేజీ గట్టున పడుతుంది. మన తల్లులు మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడకపోవడానికి అజ్ఞానం కన్నా ఇదే పెద్ద కారణం అనుకుంటాను.

అందుకే విశాఖపట్నం కేసు నాకు ముఖ్యమనిపించింది. పశ్చిమ బెంగాల్ నుంచి నీట్ కోచింగుకి వచ్చి హాస్టల్లో ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి 2023 జూలైలో చనిపోయింది. తండ్రికి పోలీసు దర్యాప్తు మీద నమ్మకం కలగలేదు. సి.బి.ఐ. కావాలన్నాడు. 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కాదంది. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఔనంది. అక్కడితో ఆగకుండా అదే తీర్పులో దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ. టెలిమానస్ లాంటి నంబర్లు హాస్టల్ గోడల మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. 2022లో ఈ దేశంలో ప్రాణాలు తీసుకున్న పదమూడు వేల మంది విద్యార్థుల లెక్క కూడా ఆ తీర్పులో ఉంది. ఎవరు కారణం అని అడగడం, ఇంకెవరూ పోకుండా ఏం చెయ్యాలని అడగడం ఒకదానికొకటి అడ్డం కాదని ఒక తండ్రి పిటిషన్ మీద కోర్టు రాసింది. సత్యరాణి, షాజహాన్ ఆపా ఆ పని 1987లోనే చేశారు, తీర్పు లేకుండా.

మళ్లీ కృష్ణానగర్ సంగతి. ప్రత్యూష నటించిన 'కలుసుకోవాలని'లో హీరో ఉదయ్‌కిరణ్. 2014 జనవరిలో శ్రీనగర్ కాలనీలో అతనూ ప్రాణం తీసుకున్నాడు, ముప్ఫై మూడేళ్లకి. అవకాశాలు తగ్గాయని, పరిశ్రమ పట్టించుకోలేదని అతని మీద బోలెడు రాశారు, తర్వాత మర్చిపోయారు. సుప్రీంకోర్టు మార్గదర్శకాలు విద్యార్థులకి. ఇరవై ఏళ్లకే ఊరొదిలి, గదిలో అయిదుగురితో ఉంటూ, రోజుకూలికి గ్రూప్‌లో నిలబడే పిల్ల విద్యార్థి కాదు, ఉద్యోగీ కాదు. ఆమెకి కౌన్సెలర్‌ని ఏ సంస్థ పెట్టాలి? 2018లో శ్రీరెడ్డి ఫిలింఛాంబర్ ముందు నిరసన తెలిపాక, స్త్రీల సంఘాలు కోర్టుకి వెళ్లాక, 2019లో తెలంగాణ ప్రభుత్వం సినిమా పరిశ్రమలో లైంగిక వేధింపుల మీద కమిటీ వేసింది. 2024 ఆగస్టులో కేరళలో హేమ కమిటీ నివేదిక బయటికొచ్చినప్పుడు, ఇక్కడి ఉపసంఘం నివేదికనూ బయటపెట్టండని నటి సమంత అడగాల్సి వచ్చింది. ఆ పిల్లల మీద పడే ఒత్తిడి గురించి ఏం రాసి ఉన్నా ముందు అందులోనే రాసి ఉండాలి.

ఈమధ్య కృష్ణానగర్‌లో ఒక అమ్మాయిల హాస్టల్ మెట్ల దగ్గర అద్దె బాకీల కాగితం పక్కన ఎవరో చేత్తో 14416 అని రాసి అంటించారు. టెలిమానస్ నంబరు, 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఎవరు రాశారని వార్డెన్ని అడిగాను. పోయినేడు ఒక అమ్మాయి తల్లి ఊరి నుంచి వచ్చి సామాన్లు తీసుకుపోతూ అంటించి వెళ్లిందట.