పుట్టుక శిక్ష కాదు: ఇస్లాం మౌలిక విశ్వాసాలు (4వ భాగం)



మాది కర్నూలు జిల్లాలో ఒక మెట్ట ఊరు. మా నాయన పీర్ల పండగకు తప్పెట కొట్టేవాడు. గుడి మెట్టు ఎక్కనివ్వని ఊర్లోనే, పీర్ల సావిడి ముందర గుండం చుట్టూ మాదిగోళ్లు, దూదేకులోళ్లు, బోయోళ్లు కలిసి తిరిగేవాళ్లు. ఇస్లాం అంటే అదేనని చానా ఏండ్లు అనుకున్నా.

కడపలో చదివేటప్పుడు ఒక దూదేకుల పెద్దాయన్ని అదే అడిగితే నవ్వినాడు. "పీర్లు మన సీమ పండగ అబ్బీ. దీన్ వేరే" అన్నాడు. క్రీ.శ. 680లో కర్బలా దగ్గర ప్రవక్త మనవడు ఇమామ్ హుసేన్‌ను చంపినారు. పీర్లు ఆ దుఃఖానికి గుర్తు. కానీ పీరుకు మొక్కడాన్ని ఉలమాలు ఒప్పుకోరు. ఎందుకు ఒప్పుకోరో తెలిస్తే ఇస్లాం మొదటి పాఠం తెలిసినట్టే.

ఆ పాఠం పేరు తౌహీద్. దేవుడు ఒక్కడే. ఆయనకు రూపం లేదు, సంతానం లేదు, సాటి లేదు. ఆయనకూ మనిషికీ నడుమ పుట్టుకతో వచ్చే పూజారి లేడు. నమాజు చదివించే ఇమామ్ ఏ ఇంట్లో పుట్టినా కావచ్చు, నేర్చుకుంటే చాలు.

సున్నీలు చెప్పే విశ్వాసాలు ఆరు: అల్లాహ్, దైవదూతలు, దైవగ్రంథాలు, ప్రవక్తలు, ఖయామత్ అనే తీర్పు దినం, తఖ్దీర్ అనే దైవ నిర్ణయం. ప్రవక్తల్లో ఇబ్రాహీం, మూసా, ఈసా అందరూ ఉన్నారు. చివరివాడు ముహమ్మద్. ఆచరణలు ఐదు: షహాదా (సాక్ష్యం), రోజుకు ఐదు పూటల నమాజు, రంజాన్ ఉపవాసం, జకాత్, స్తోమత ఉంటే హజ్. ఒక పరిమితికి మించిన సొమ్ము ఏడాది పాటు మిగిలితే అందులో 2.5 శాతం జకాత్ ఇయ్యాల. అంటే లక్షకు 2,500. అది దానం కాదు, పేదోడి హక్కు.

తఖ్దీర్ అంటే మన కర్మ సిద్ధాంతమే కదా అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. కాదు. తఖ్దీర్ ప్రకారం ఏది జరిగినా దేవుని ఎరుకలోనే జరుగుతుంది. కానీ ఇస్లాంలో పూర్వజన్మ లేదు. పూర్వజన్మ లేనప్పుడు మాదిగ ఇంట్లో పుట్టడం ఏ పాపానికి ఫలం? ఏ పాపానికీ కాదు. ఖయామత్ నాడు ఎవరి లెక్క వాళ్లదే, అదీ ఈ ఒక్క బతుకు లెక్కే. 'పోయిన జన్మలో ఏం చేసుకున్నామో' అని మా అవ్వ జీవితమంతా అనుకుంటా పోయింది. ఆ మాట ఈ విశ్వాసంలో నిలబడదు. నాకు మాత్రం ఇస్లాంలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే.

బిలాల్ కథ మీరు విన్నదే. మక్కాలో బానిసగా బతికిన నల్లని మనిషి, తల్లి హబ్షీ. మొదటి అజాన్ ఇచ్చే గౌరవం ప్రవక్త ఆయనకే ఇచ్చినాడు. ఆదోని పోతే జామియా మసీదు చూడండి. 17వ శతాబ్దంలో దాన్ని కట్టించిన బీజాపూర్ సర్దార్ సిద్ది మసూద్ ఖాన్ కూడా హబ్షీ మూలాలున్న మనిషే. అట్లని ఇస్లాం బానిసత్వాన్ని ఒక్క దెబ్బకు రద్దు చేయలేదు. విడుదల చేస్తే పుణ్యం అనింది, జకాత్ సొమ్ములో దానికీ వాటా పెట్టింది. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాల.

మరి మసీదులో భుజం భుజం కలిపి నిలబడ్డోళ్లు బయటికొస్తే? ఆ పెద్దాయన్నే అడిగినా. "వరసలో పక్కనే నిలబడతారబ్బీ. పిల్లను అడిగితే మాత్రం దూదేకులోళ్లంటారు" అన్నాడు. ముస్లింలలోనూ కులం ఉందని అంబేద్కర్ 1940లోనే పాకిస్తాన్ మీద రాసిన పుస్తకంలో చెప్పినాడు. మన రాష్ట్ర బీసీ జాబితా చూడండి. దూదేకుల బీసీ-బి. 2007లో వచ్చిన బీసీ-ఇ 4 శాతంలో షేక్, ఖురేషీ, ఫకీర్ లాంటి వర్గాలున్నాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ వర్గాలు లేవు. ఖురాన్‌లో లేని నిచ్చెన సమాజంలో ఉంది కాబట్టే ప్రభుత్వం దాన్ని రాసుకోవాల్సొచ్చింది.

రాజ్యం మాత్రం రెండు నాలుకలతో మాట్లాడుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ముస్లిం అయిన దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచినారు. మతంతో ముడి తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పినా దళిత ముస్లింలకు, దళిత క్రైస్తవులకు ఆ తలుపు తెరవలేదు. పాకీ పని చేసే మెహతర్ ముస్లింకు పని మారలేదు, వాసన పోలేదు, అవమానం పోలేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ మాత్రం లేదు.

మతం మారమనో, వద్దనో చెప్పడానికి నేనిది రాయలేదు. పక్క వీధి మనిషి ఏం నమ్ముతాడో తెలియకుండా దళిత–ముస్లిం ఐక్యత అని నినాదం ఇస్తే అది గోడ మీది రాతగానే మిగులుతుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి ముస్లిం స్నేహితుని ఇంటికి పండగకు పోతే బిర్యానీతో సరిపెట్టుకోవద్దు. ఏం నమ్ముతావు అని అడగండి. మీరేం నమ్ముతారో చెప్పండి. మీ ఇంటికీ పిలవండి.

వచ్చే భాగంలో దూదేకుల చరిత్ర మాట్లాడుకుందాం.

జై భీమ్.