ఒరిగిన సీటు: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

“ఒరిగిన సీటును తిప్పి చూడు, ఒరుగు వెంట వస్తే తప్పు పైది, రాకపోతే కిందది.”

ఒంటిచక్రం సైకిలు సీటు ఒక పక్కకి వాలితే చెయ్యాల్సిన పనంతా ఈ వాక్యంలో ఇమిడి ఉంది. ఎలమంచిలిలాంటి ఊళ్ళో దీన్ని విప్పి చెప్పుకోవలసిన అవసరం ఇంకాస్త ఎక్కువ. సైకిలు మేస్త్రీ దగ్గర పానాలుంటాయి, రిమ్ము బెండు తీసే ఒడుపుంటుంది. ఈ బండి ముక్కలు మాత్రం కొట్లో వేలాడవు. ఏది చెడిందో తేల్చుకోకుండా ఆర్డరు పెడితే డబ్బు పోతుంది, ఒరుగు అలాగే ఉంటుంది.

ఒరిగిన — సీటు వంకర మూడు రకాలు. ముక్కు చక్రం సూటిలో లేకుండా ఎడమకో కుడికో చూస్తే క్లాంపు వదులు చేసి సరిచేసుకోవడమే, అది నిమిషం పని. ముందుకో వెనక్కో వాలి ఉంటే చాలాసార్లు నడిపేవాడు కావాలని పెట్టుకున్నదే అయి ఉంటుంది. ఇక్కడ మాట్లాడుతున్నది మూడోదాని గురించి: వెనక నిలబడి చూస్తే ఒక తొడ కింద ఎత్తు, రెండో తొడ కింద పల్లం. మామూలు సైకిలు మీద ఇంత ఒరుగున్నా చేతులు హ్యాండిలు పట్టుకుని సర్దేస్తాయి. ఒంటిచక్రానికి ఆ వసతి లేదు. బరువు చాలామటుకు సీటు మీదే, బండిని మళ్ళించేది నడుమూ తొడలే. అందుకే కాస్త తేడా వచ్చినా బండి పక్కకి లాగేస్తోందని ఒళ్ళు చెబుతుంది.

సీటును — పైన కవరు, కింద ఫోము, ఆ కింద గట్టి ప్లాస్టిక్ అడుగు, దాన్ని పట్టుకునే నాలుగు బోల్టులు, బోల్టులు దిగే పలక, పలకకి అతికిన గొట్టం. ఇదంతా కలిపి ‘సీటు’. కవరు చూసి తీర్పు చెప్పేవాళ్ళే ఎక్కువ.

తిప్పి — ప్రాణం ఈ మాటలోనే ఉంది. పల్లంగా ఉన్న పక్క సీటుకి ఒక టేపు ముక్క అంటించండి. క్లాంపు వదులు చేసి, గొట్టంతో సహా సీటుని అరచుట్టు తిప్పి మళ్ళీ బిగించండి. ముక్కు వెనక్కి పోతుంది. ఇది నడపడానికి కాదు గనక ఫరవాలేదు. పల్లం టేపు ఉన్నవైపే ఉండిపోతే దోషం సీటుతోపాటు తిరిగినట్టు. టేపుని వదిలేసి ఫోర్కులో మొదట ఉన్న కాలువైపే ఉంటే దోషం సీటుది కాదు. ఒక్క బోల్టు బిగించకముందే సగం అనుమానాలు తీరిపోతాయి. చాలామంది ఈ పని చెయ్యకుండా కనబడిన నట్టునల్లా బిగిస్తారు. ఆ తర్వాత అసలు తప్పు ఎక్కడుండేదో ఎవరికీ తెలియదు.

తిప్పిన ప్రతిసారీ ఒక్కో పక్కకి ఒరుగుతోందా? అయితే గొట్టం ఫోర్కు మెడలో సరిగ్గా కూర్చోలేదు. ఈ గొట్టాలు 22.2, 25.4, 27.2 మిల్లీమీటర్ల లావుల్లో వస్తాయి. 27.2 మెడలో 25.4 గొట్టం దూర్చి క్లాంపుని గట్టిగా నొక్కేస్తే పైఅంచు ఒక్కటే పట్టుకుంటుంది, అడుగు ఊగుతుంది. డ్రింకు డబ్బా కోసిన రేకు చుట్టడం నాలుగు రోజుల వైద్యం. విశాఖ ఆటోనగర్‌లోనో, మరోచోటో లేత్ మీద సరైన కొలతకి గొట్టపు తొడుగు చేయించుకోవడం మేలు.

చూడు — కన్ను చాలదు. గుండు దారం రిమ్ము పైఅంచునీ కిందఅంచునీ ఒకేలా తాకేట్టు చక్రాన్ని నిలువుగా పట్టుకోమని ఒకరికి చెప్పండి. ఆపైన సీటు మీద అడ్డంగా తిన్నని చెక్క, చెక్క మీద తాపీ మేస్త్రీ రసమట్టం. కొలిచే ముందు రోడ్డునీ అనుమానించాలి. వాన నీరు జారడానికి తారు రోడ్లకి మధ్య నుంచి అంచుకి సుమారు 2 శాతం వాలు ఇస్తారు. సర్కస్ రింగులో నడిపేవాడికి ఆ చిక్కు లేదు. రోడ్డు ఒకే అంచున వెళ్ళి, అదే అంచున తిరిగి రండి. లాగుడు పక్క మారితే బండిలో ఏమీ లేదు.

వెంట వస్తే తప్పు పైది — నాలుగు బోల్టులతో మొదలుపెట్టాలి. ఒక పక్కవి రెండూ వదులైతే అదే ఒరుగు. ఎదురు మూలలు చూసుకుంటూ కొంచెం కొంచెం బిగించాలి. తర్వాత సీటు విప్పి, పలక, గొట్టం కలిసేచోట వడ్రంగి మూలమట్టం ఆనించి చూడాలి. ఇనుప పలక కాస్త వంగితే వైసులో పెట్టి తియ్యొచ్చు. అల్యూమినియందైతే తియ్యకూడదు, పగులు పుట్టి ఎప్పుడో నడుస్తుండగా విరుగుతుంది. బోల్టుల దగ్గర ప్లాస్టిక్ చీలినా మార్చడమే. ఇవన్నీ బాగుంటే ఫోము ఒక పక్క అణిగిపోయిందన్నమాట.

రాకపోతే కిందది — కష్టమైన భాగం ఇదే. ఫోర్కు రెండు కాళ్ళూ చెరో బేరింగు మీద కూర్చుంటాయి. చాలా బండ్లకి ఆ బేరింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు. అంత తక్కువ వెడల్పులో ఒక కాలు 2 మిల్లీమీటర్లు పొట్టిదైతే ఫోర్కు ఒక డిగ్రీకి పైగా ఒరుగుతుంది. ఇరుసుకి 60 సెంటీమీటర్ల పైనున్న సీటు 12 మిల్లీమీటర్లు పక్కకి జరిగిపోతుంది. పొట్టికాలు అక్కర్లేదు, బేరింగు గూట్లో పెచ్చులు కట్టిన రంగో, ఇసుకో చాలు. ముందుగా బేరింగు మూతలు విప్పి తుడిచి, రెండు పక్కలా సమంగా బిగించండి. అతిగా బిగిస్తే బేరింగు పోతుంది.

అప్పటికీ పోకపోతే మళ్ళీ తిప్పడమే, ఈసారి చక్రాన్ని. కుడి ఎడమలు మార్చి పెట్టాక రిమ్ము వేరే కాలికి దగ్గరైతే తప్పు చక్రానిది. మొదటి కాలికే దగ్గరగా ఉంటే ఫోర్కుది. చూడటం అవగానే చక్రాన్ని యథాస్థానంలో పెట్టెయ్యాలి. ఎడమ పెడలుకి మరలు ఎదురు తిప్పు. చక్రం తారుమారుగా ఉంచి తొక్కితే పెడళ్ళు వాటంతటవే ఊడొస్తాయి.

తప్పు చక్రానిదని తేలాక, ఫోర్కు కాలికి సుద్దముక్క ఆనించి చక్రం తిప్పండి. చుట్టూ ఒకే గీత పడితే రిమ్ము మొత్తం పక్కకి జరిగింది. ఒక్కచోటే తగిలితే అక్కడ బెండు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్ర తరిణి పట్టే చెయ్యి కర్ర నడిమి తప్పితే ఇలాగే పట్టేస్తుంది. రెండు రకాల దోషానికీ మందు పుల్లల బిగువే, అది ఎలమంచిలి సైకిలు మేస్త్రీకి వచ్చిన పని. ఫోర్కు తేడా అర మిల్లీమీటరు లోపైతే పొట్టికాలి గూట్లో పలచటి రేకు పట్టీ పెట్టొచ్చు. అంతకు మించితే ఫోర్కు మార్చమనే నా సలహా.

పైదీ కిందదీ రెండూ సరిగ్గా ఉండి ఒరుగు పోని సందర్భం వాక్యంలో లేదు. అప్పుడు అదే ఎత్తున్న ఇంకొకరిని ఎక్కించి చూడాలి. వాళ్ళ కింద బండి తిన్నగా పోతే పట్టించుకోవాల్సింది మీ కూర్చునే తీరుని. ఎప్పుడూ ఒకే కాలు పెడలు మీద వేసి ఎక్కేవాళ్ళలో కొందరు ఆ పక్కకే బరువు వేసి కూర్చుంటారు. కొన్నాళ్ళు రెండో కాలితో ఎక్కడం అలవాటు చేసుకోండి.