జర్నల్ (డైరీ సాధనం): ఎన్‌క్రిప్షన్, భద్రత

కమాండ్ లైన్ నుంచే డైరీ రాసుకోవడానికి పైథాన్‌లో తయారైన ఓపెన్ సోర్స్ సాధనం జర్నల్. రాసినదంతా మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటుంది. ఎన్‌క్రిప్ట్ ఆదేశం ఇస్తే పాస్‌వర్డ్ అడిగి దానికి తాళం వేస్తుంది. రెండో వెర్షన్ నుంచి పాస్‌వర్డును పీబీకేడీఎఫ్2 పద్ధతిలో 1,00,000 సార్లు తిప్పి, 128 బిట్ల ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌కు కావలసిన తాళంచెవి తీస్తున్నారు. అందులో కలిపే సాల్ట్ మాత్రం వాడేవాళ్లందరికీ ఒకటే. అందుకే ముందుగా లెక్కగట్టిన పట్టికలతో బలహీనమైన పాస్‌వర్డును పట్టేయవచ్చు. పాస్‌వర్డు మరిచిపోతే తిరిగి తెచ్చుకునే దారీ లేదు.

అసలు చిక్కు ఫైలు బయట ఉంది. చెన్నై టి. నగర్‌లో అద్దె ఇల్లు వెతుక్కునేవారు టెర్మినల్‌లో "జర్నల్ పానగల్ పార్కు వెనక ఇల్లు చూశాం, పది నెలల అడ్వాన్సు అడిగారు" అని కొడితే, డైరీలో భద్రంగా దాగిన ఆ వాక్యమే షెల్ హిస్టరీలో (ఇచ్చిన ఆదేశాల చిట్టాలో) పొల్లుపోకుండా మిగులుతుంది. అలా మిగలకుండా ఉండాలంటే బ్యాష్ షెల్‌లో హిస్ట్‌ఇగ్నోర్ జాబితాకు జర్నల్‌తో మొదలయ్యే ఆదేశాల నమూనా చేర్చాలి. జెడ్‌షెల్‌లో సంబంధిత సెట్టింగ్ పెట్టుకుని, ఆదేశానికి ముందు ఖాళీ వదిలితే చాలు. విమ్ ఎడిటర్‌లో రాస్తే స్వాప్, బ్యాకప్, అన్‌డూ ఫైళ్లు గుట్టు బయటపెడతాయి. ఈ లొసుగులను జర్నల్ సహాయపత్రాలే దాచకుండా చెప్పడం మెచ్చదగింది. పాస్‌వర్డును కీచెయిన్‌లో దాచుకుంటే, లాగిన్ చేసి వదిలేసిన కంప్యూటరు ముందు కూర్చున్నవారెవరైనా డైరీ చదివేయవచ్చు.