గుట్ట అవతల పోర్ట్‌బూ

చీకటి ఉండగానే బయల్దేరండి. బాన్యుల్స్ ఊరి చివర కూలీలు గుంపులుగా ద్రాక్షతోటలకు వెళ్తున్నారు. వాళ్లలో కలిసిపోండి. నోరు మెదపకండి. ఒక్క మాట మాట్లాడినా మీ యాస మీ దేశాన్ని పట్టిస్తుంది. సామాను ఏదీ మోయొద్దని ఊరి మేయరు అజేమా మరీమరీ చెప్పారు. పెట్టె పట్టుకున్నవాళ్లు కూలీలు కాదని కాపలావాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

ఇది 1940 సెప్టెంబరు చివరి వారం. దక్షిణ ఫ్రాన్స్‌లో సముద్రం పక్కనే పిరనీస్ కొండలు. మీరొకప్పుడు బెర్లిన్‌లో పేరున్న రచయిత. 1933లో హిట్లర్ గద్దెనెక్కాక పారిస్ చేరుకున్నారు. మీ పౌరసత్వాన్ని జర్మనీ రద్దు చేసింది. యుద్ధం రాగానే, జర్మన్లు కదా అని ఫ్రాన్స్ మిమ్మల్ని క్యాంపులో పెట్టింది. నాజీల నుంచి పారిపోయి వచ్చినవాళ్లను నాజీ దేశస్థులని బంధించారు! ఈ అన్యాయం తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగులుతుంది. జూన్‌లో పారిస్ పడిపోయింది. ఇక మిగిలింది ఈ కొండ దాటి స్పెయిన్ చేరడం ఒక్కటే.

ముందు నడుస్తున్నామె లీసా ఫిట్కో. వయసు ముప్ఫై ఒకటి. ఆమె కూడా హిట్లర్‌కు ఎదురు నిలిచి పారిపోయి వచ్చినామే. ఈ దారి ఆమెకూ కొత్తే. మేయరు చెప్పిన గుర్తులే ఆధారం. మీ వెనక హెన్నీ గుర్లాండ్, ఆమె కొడుకు. పైన ఒకాయన మీకోసం ఎదురుచూస్తున్నారు. దారి చూసొద్దామని నిన్న అందరూ అక్కడిదాకా వెళ్లారు. ఆయన మాత్రం దిగి రానన్నారు. ఆయనది గుండె జబ్బు, ఎక్కిన ఎత్తు మళ్లీ ఎక్కలేరు. రాత్రంతా ఆరుబయట ఒక్కరే పడుకున్నారు.

అదుగో, ఆయనే. లేచి కూర్చుంటున్నారు. కళ్ల చుట్టూ ముదురు ఎర్రటి మచ్చలు! లీసా గుండె ఆగినంత పనైంది. ఆయన తాపీగా కళ్లజోడు తీసి, జేబురుమాలుతో మొహం తుడుచుకున్నారు. మంచుకు తడిసి ఫ్రేము రంగు దిగిందంతే. ఆయన రచయిత వాల్టర్ బెంజమిన్. వయసు నలభై ఎనిమిది.

ఆయన పక్కన నల్లటి సంచీ. మేయరు వద్దన్నదే తెచ్చారు. అందులో కొత్త రాతప్రతి ఉందట. తనకన్నా అదే ముఖ్యమట, తను ఏమైపోయినా అది అమెరికా చేరాలట. వంతులవారీగా మోయాలి. ఇప్పుడు మీ వంతు. సంచీ భుజం లాగేస్తోంది. ఇక్కడే ఏ పొదలోనో దాచేద్దామని ఆయనతో అనగలరా? మీరూ రాసేవాళ్లే కదా. భుజం మార్చుకుని నడుస్తారు.

ఆయన నడకకు ఒక లెక్కుంది. చేతిలో గడియారం. పది నిమిషాలు నడక, ఒక నిమిషం విశ్రాంతి. అలసిపోయాక ఆగితే లేవలేరు కాబట్టి, అలసిపోకముందే ఆగుతారు.

దారి ఒక రాతి చరియ కిందికి వచ్చింది. పైన రోడ్డు. మాటలు వినిపిస్తున్నాయి. ఆగండి. గోడకు ఆనుకోండి. రాయి జారనివ్వకండి. బూట్ల చప్పుడు. దగ్గరికొచ్చింది. ఊపిరి బిగపట్టండి. దాటిపోయింది. పదండి.

ఇప్పుడు నిలువు ఎక్కుడు. తీగల మధ్య దారి కనబడదు. నల్లటి తియ్యని ద్రాక్ష చేతికి తగులుతోంది. బెంజమిన్ కాళ్లు తడబడ్డాయి. లీసా ఒక రెక్క, కుర్రాడు ఒక రెక్క పట్టుకుని, సంచీతో సహా ఈడ్చుకెళ్తున్నారు. ఆయన నోట మూలుగు కూడా లేదు.

శిఖరం. రెండు వైపులా సముద్రం. నీలం మీద నీలం. వెనక కొలియూర్ ఊరుంది. 1939 జనవరి చివర, ఫ్రాంకో సైన్యం తరుముతుంటే, స్పెయిన్ కవి ఆంతోనియో మచాడో ఇదే సరిహద్దును ఎదురు దిశలో దాటి ఆ ఊరు చేరాడు. వెంట ముసలితల్లి. నెల తిరక్కుండానే ఫిబ్రవరి 22న చనిపోయాడు. మూడు రోజులకు తల్లి కూడా. మచాడో పారిపోయి వచ్చిన ఆ దేశంలోకే ఇప్పుడు మీరు ప్రాణాలు కాపాడుకోవడానికి దిగుతున్నారు.

దిగువన పచ్చగా నాచు పట్టిన నీటిగుంట. కంపు. తాగొద్దని లీసా బతిమాలింది. బెంజమిన్ మర్యాదగా క్షమాపణ అడిగి, వంగి తాగారు. టైఫాయిడ్ వచ్చినా సరిహద్దు దాటాకే కదా అని ఆయన లెక్క. స్పెయిన్ సరిహద్దు ఊరు పోర్ట్‌బూ ఇళ్లు కనిపించాయి. లీసా వెనక్కి తిరిగింది.

పోర్ట్‌బూ పోలీస్ స్టేషన్. మీ దగ్గర అమెరికా వీసా ఉంది. స్పెయిన్ మీదుగా వెళ్లే వీసా ఉంది. అధికారి పేజీలు తిప్పాడు. మళ్లీ తిప్పాడు. ఫ్రాన్స్ ఎగ్జిట్ ముద్ర లేదు.

అది ముందే తెచ్చుకోవచ్చుగా అంటారా? అడిగితే పట్టుబడతారు. జర్మనీ అడిగిన జర్మన్లను అప్పగిస్తామని జూన్‌లో ఫ్రాన్స్ సంతకం పెట్టింది, యుద్ధవిరమణ ఒప్పందం 19వ నిబంధనలో.

దేశం లేనివాళ్లను రానివ్వొద్దని కొత్త ఉత్తర్వు వచ్చిందట. రేపు వెనక్కి పంపేస్తారట. ఏడ్చారు. కాగితాలు చూపించారు. కాళ్లావేళ్లా పడ్డారు. కాదన్నారు. ఈ రాత్రికి హోటల్లో ఉండొచ్చు. గుమ్మం దగ్గర పోలీసులు.

తప్పించుకుని మళ్లీ కొండెక్కుతారా? ఆ గుండెతోనా?

తెల్లారింది. హెన్నీని పిలుస్తున్నారు. రాత్రి బెంజమిన్ దాచుకున్న మార్ఫిన్ మింగేశారు.

డాక్టరు మెదడులో రక్తస్రావం అని రాశాడు. కాగితం మీద తేదీ సెప్టెంబరు 26. పేరు తిరగేసి బెంజమిన్ వాల్టర్ అని రాసుకున్నారు. కొన్ని నెలల తర్వాత స్నేహితురాలు హన్నా ఆరెంట్ ఇదే సరిహద్దు దాటి వచ్చి సమాధి వెతికితే దొరకలేదు. అంతకుముందు మార్సే నగరంలో బెంజమిన్ ఆమెకు అప్పగించిన మరో వ్యాసం ఆమె వెంట న్యూయార్క్ చేరింది. మీరు మోసిన సంచీలోని రాతప్రతి మాత్రం ఇంతవరకూ కనిపించలేదు. నమోదైన ఆయన వస్తువుల్లో గడియారం, పైపు, కళ్లజోడు, ఎక్స్‌రే, కొన్ని కాగితాలు ఉన్నాయి.

మిగిలిన మిమ్మల్ని తర్వాత పోనిచ్చారు. అవే కాగితాలతో. లీసా, ఆమె భర్త హాన్స్ 1941 ఏప్రిల్ దాకా అదే గుట్ట మీదుగా మనుషుల్ని దాటించారు. వాళ్లలో చాలామందికి ఆ ముద్ర లేదు. స్పెయిన్ వాళ్లను రానిచ్చింది.